నీళ్ళలో మునగని దూది

నా మనవరాలు నర్సు ట్రైనింగులో చేరిన రోజున ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మమ్మా, నువ్వు కండ్ల దవాఖానల ఏమేం చేసినవో గిండ్ల రాయి. మా తోటి పిల్లలకు సదివి వినిపిస్త" అంది. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు సరిదిద్దుకో, మాటలు మాత్రం మార్చకు అని చెప్పి ఒప్పుకున్నాను. కాగితానికి రెండు పక్కలా రాస్తున్నాను. ఒక పక్క రాసి రెండో పక్క వదిలేసే అలవాటు ఈ పిల్లలకు ఎక్కడ వచ్చిందో నాకు తెలియదు.

ఎప్పుడు చేరాను, ఎవరు మెచ్చుకున్నారు అన్నవి రాయను. వాటితో మీకు పని లేదు. నా చేతులతో జరిగిన ఒక తప్పు రాస్తాను. మీ చేతులు కూడా రేపు ఎవరో ఒకరి కళ్ళ దగ్గరికి పోతాయి కాబట్టి అది మీకు పనికొస్తుంది.

హుజూరాబాదులో బేసిను

పోలీసు యాక్షన్ అయిన ఒకటి రెండేళ్ళకు హుజూరాబాదులో ఒక చిన్న దవాఖానలో ఆయాగా చేరాను. డాక్టరు వారానికి ఒక్కసారి వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో అంతా కాంపౌండరు మల్లయ్యే. గదిలో ఇనుప స్టాండు మీద తెల్లటి పింగాణీ పూత బేసిను ఉండేది. పొద్దున దాంట్లో నీళ్ళు పోసి నాలుగు చుక్కల మందు వేస్తే నీళ్ళు పాలలా తెల్లబడేవి, గదంతా ఘాటు వాసన కొట్టేది. మల్లయ్య రోగిని చూసి చేతులు దాంట్లో ముంచేవాడు. నేనూ దాంట్లోనే ముంచేదాన్ని. పక్కన మేకుకు ఒకే తువ్వాల వేలాడేది.

సాయంత్రానికి ఆ నీళ్ళు బూడిద రంగుకు తిరిగేవి. పారబోయనా అని ఒకసారి అడిగాను.

"వాసన వస్తుందా లేదా?" అన్నాడు మల్లయ్య.

"వస్తుంది."

"వాసన ఉన్నన్ని రోజులు మందు బతికున్నట్టే. ఊకె పారబోస్తె మందు ఊరికెనే వస్తుందా?"

ఆ మాట నాకు చాలా నచ్చింది. మందు మిగిల్చే మనిషి మంచి మనిషి అనుకున్నాను. నిజంగానే మంచివాడు. నడవలేని ముసలివాళ్ళను బండి దగ్గరి నుంచి తానే ఎత్తుకొచ్చేవాడు. కానీ ఆ ఏడు కళ్ళ కలక వచ్చినప్పుడు ఒక కన్నుతో వచ్చినవాళ్ళు రెండు కళ్ళతో తిరిగొచ్చారు. కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చారు. చివరకు మల్లయ్యకే వచ్చింది. రెప్పలు ఉబ్బి, తడిబట్ట కళ్ళ మీద వేసుకుని బెంచీ మీద పడుకుని, "నాకెట్ల వచ్చె రాజమ్మా? దినాం ఇరవై మాట్ల చేతులు మందుల ముంచిన గద" అన్నాడు.

"నేను గూడ గా నీళ్ళల్లనే ముంచిన గదన్నా" అన్నాను.

సమాధానం నా నోట్లోనే ఉంది. అతనికీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

ఆదిలాబాదులో వామన్ సారు

మా ఇంటాయనకు ఆదిలాబాదులో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో పని దొరికితే అక్కడికి పోయాం. నేను కూడా రెండు సీజన్లు జిన్ను మిషను మీద కూర్చుని పత్తి పెట్టాను. తర్వాత ఆయన జ్వరంతో పోయాడు. పత్తి మార్కెటు వెనక రెండు గదుల్లో ఒక మరాఠీ డాక్టరు కళ్ళ దవాఖాన పెట్టాడని విని, పోయి నిలబడ్డాను. ఆయనే వామన్ సారు. అప్పటికి మనం ఆంధ్రప్రదేశ్‌లో కలిసి నాలుగైదేళ్ళు అయింది.

ఇంతకుముందు ఎక్కడ చేశావని అడిగాడు. చెప్పాను. చేతులు ఎట్లా కడుక్కునేవాళ్ళని అడిగాడు. బేసిను సంగతి గొప్పగానే చెప్పాను. ఆయన లేచి, గదిలో మూలకు ఉన్న కొత్త బేసినును తీసుకుపోయి పెరట్లో బోర్లించి వచ్చాడు.

"నిలవనీళ్ళల్ల చేతులు ముంచుడు నా దగ్గర లేదు బాయి. చెంబుతోటి పోస్తుంటె, సబ్బు పెట్టి, గోర్ల సందులు రుద్ది కడగాలె. నువ్వు నాకు పొయ్యి, నేను నీకు పోస్త."

డాక్టరు ఆయాకు చేతుల మీద నీళ్ళు పోయడం నేను అంతకుముందు చూడలేదు. మొదటి వారం నాకు సిగ్గేసింది. బాయి అంటే వాళ్ళ మరాఠీలో అమ్మా అన్నట్టు.

కళ్ళ కలక గురించి ఆయన చెప్పినంత తేటగా తర్వాత ఎవరూ చెప్పలేదు. "కండ్ల కలక రెండు తీర్ల ఉంటది బాయి. చీము కారేది ఒకటి. దానికి మందున్నది. రెండోది నీళ్ళు కారేది. దాన్ని చేసే వైరస్ మన దుర్బిణికి గూడ దొరకదు. దానికి కండ్లల్ల ఏసే మందు లేదు. దాని మందంత మన చేతులకు, గీ కుర్చీకి, గా తలుపు గడియకు పెట్టాలె."

ఆయన పద్ధతులు ఇవి. కంటికి మలాం పెట్టే గాజు కడ్డీ ఒకరికి ఒకటే. వాడినది వేరే గిన్నెలో పడాలి, మరిగాకే మళ్ళీ చేతికి రావాలి. ఇనుప సామాను కూడా మరిగించాల్సిందే. చుక్కల మందు గొట్టం రెప్ప వెంట్రుకకు తగిలితే ఆ సీసా ఇక ఎవరికీ వేయకూడదు. బ్లీచింగు పౌడరు పొద్దున్నే మట్టి కుండలో కలిపి, తేరిన తేట వంచుకుని, రోగి లేచిన ప్రతిసారి దాంట్లో ముంచిన దూదితో కుర్చీ చేతులు, గడ్డం ఆనించే చెక్క, తలుపు గడియ తుడవాలి. నిన్నటి తేట ఈ రోజుకు పనికిరాదు. పౌడరు డబ్బాకు మూత సరిగా పెట్టకపోతే అది ఒట్టి సున్నమే. ముందు తడి, చీము తీసేసి ఆ తర్వాతే మందు పెట్టాలి. మురికి మీద పోసిన మందును మురికే తాగేస్తుంది.

అన్నీ నేర్చుకున్నాను. నిన్నటి తేట పారబోసేటప్పుడు మాత్రం ప్రతి రోజూ ప్రాణం ఉసూరుమనేది.

దూది ఉన్న ఊళ్ళో దూది కొనడం

నా పొదుపు గురించి చెప్పాలి. అరిగిన సబ్బు ముక్కలను కలిపి కొత్త సబ్బు చేసేదాన్ని. గాజు కడ్డీలు మరిగిన నీళ్ళు చల్లారాక ఆ నీళ్ళతో నేల తుడిచేదాన్ని. ఇవి తప్పులు కావు. సారు కూడా ఏమీ అనేవాడు కాదు.

కానీ మందుల షాపు నుంచి నీలం కాగితంలో చుట్టిన దూది చుట్టలు వస్తుంటే చూడలేకపోయేదాన్ని. దీపావళి నుంచి హోళీ దాకా ఆదిలాబాదులో ఎక్కడ చూసినా దూదే. బండ్లు పోయే దారిలో ముళ్ళకంపలకు దూది, గడపల మీద దూది, జొన్నరొట్టె మీద కూడా దూది. అటువంటి ఊళ్ళో ఉండి దూది కొనుక్కొచ్చుకోవడమా అనిపించేది.

జిన్నులో నాతో పనిచేసిన ఆడవాళ్ళను అడిగితే గింజ తీసిన తెల్లని దూది కొంగుల్లో కట్టి ఇచ్చారు. నేను కూర్చుని ఆకు పీసలు, నుసి ఏరేశాను. ఉండలు చేశాను. నా ఉండలు షాపు దూదితో చేసిన వాటికంటే గుండ్రంగా వచ్చాయి. అన్నిటినీ ఆవిరి డబ్బాలో పెట్టి ఉడికించాను. ఏ పురుగు ఉన్నా చచ్చిపోవాలి కదా. పాత నీలం కాగితంలోనే చుట్టి, పాత సీసాలోనే పెట్టాను. సారును అడగలేదు. అడగడానికి ఏముంది, దూది దూదే కదా అనుకున్నాను.

ఒక్క తేడా కనిపించింది. షాపు దూది తేటలో వేస్తే నానేది. నాది తేలేది. పట్టకారుతో అదిమి తీస్తే పైన తడి మెరిసేది. 'తేలితే మంచిదే, మందు తక్కువ తాగుతుంది, మందు కూడా మిగులుతుంది' అనుకున్నాను.

నిజంగానే మిగిలింది. పొద్దున వంచిన తేట సాయంత్రానికి గిన్నెలో సగం ఉండేది. నేను దానికి సంతోషపడ్డాను.

పోసక్క కన్ను

ఆ సీజన్ మొదట్లో ఒక దర్జీ నీళ్ళు కారే ఎర్ర కళ్ళతో వచ్చాడు. నేను నా దూది ఉండతో కళ్ళు తుడిచి కూర్చోబెట్టాను. సారు చూసి, ఇంట్లో వేరే తువ్వాల వాడుకొమ్మని చెప్పి పంపాడు. అతని తర్వాత అదే కుర్చీలో కూర్చున్నది పోసక్క.

పోసక్క జిన్ను మీద పత్తి పెట్టే మనిషి. ఒకప్పుడు నా పక్క మిషనే. నవ్వుతూ నవ్వుతూనే కొరికే మాట అనేది. ఆ రోజు కుడి కంట్లో గింజ పొట్టు నలుసు పడింది. సారు రెప్ప తిప్పి ఒక్క క్షణంలో తీసేశాడు. కారిన నీళ్ళు నేను తుడిచాను.

"ఇంతేనా? దీనికి పొద్దటి సంది కూసోవెట్టిండ్రా?" అంది.

"పో బిడ్డా, రేపు పనికి పో" అన్నాను.

వారం దాటాక వచ్చింది. కుడి కన్ను నెత్తురు ముద్దలా ఉంది. చెవి ముందర గడ్డ తేలింది. నీళ్ళు ఆగడం లేదు. నాలుగు రోజులకు ఎడమ కన్ను కూడా అట్లాగే అయింది. ఎరుపు తగ్గుతూ వచ్చాక అసలు బాధ మొదలైంది.

"పొగల నుంచి చూసినట్టు ఉన్నదక్కా. దీపం చుట్టు గుండ్రాలు కనవడ్తున్నయ్" అంది. సారు చూసి, నల్లగుడ్డు మీద చిన్న చిన్న తెల్ల మచ్చలు లేచాయని, కరగడానికి నెలలు పడుతుందని చెప్పాడు.

"నెలలా? సీజనే నాలుగు నెలలు సారూ."

జిన్ను మీద జాగ అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. ఒక మిషను ముందర ఎవరు కూర్చుంటే ఆ జాగ ఏటేటా వాళ్ళదే. ఒక సీజను ఖాళీ చేస్తే వేరేవాళ్ళు కూర్చుంటారు, మళ్ళీ రాదు. పోసక్క తల్లి ఆ మిషను మీదే చేసింది, తర్వాత పోసక్క కూర్చుంది. పైగా కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం గంగారాం ఆమెను గేటు దగ్గరే ఆపేశాడు. మిల్లులో ఇంకో ముగ్గురికి కళ్ళ కలక వచ్చింది. రోగం పోసక్కే తెచ్చిందని అందరూ అనుకున్నారు. బోరింగు దగ్గర ఆమె బిందె పక్కన బిందె పెట్టడం కూడా మానేశారు.

గ్లాసులో రెండు ఉండలు

ఇటు దవాఖానలో కూడా కలక కేసులు పెరిగాయి. సారు రిజిస్టరు ముందేసుకుని, "గీళ్ళందరు మొదాలు దేనికొచ్చిండ్రో సదువు బాయి" అన్నాడు.

ఒకరు అద్దాలకు. ఒకరు కంట్లో మోతిబిందు పొర చూపించుకోవడానికి. ఒకరు కురుపుకు. పోసక్క నలుసుకు.

"అంటే కలకతోటి రాలే. ఈడికొచ్చి తీస్కపోయిండ్రు. మనమే ఇచ్చినం." రిజిస్టరు మూశాడు. "ఏమన్న మారిందా బాయి? సబ్బా, పౌడరా, నీళ్ళా?"

"ఏం మారలే సారూ" అన్నాను.

దూది మాట నోటి దాకా వచ్చింది. నా పొదుపును ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఓర్చుకోలేని మనిషిని. అందుకే మింగేశాను. నేను అప్పుడు చెప్పి ఉంటే మర్నాడు పొద్దున వచ్చినవాళ్ళ కళ్ళనైనా ఆ దూదితో ముట్టి ఉండేదాన్ని కాదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం కుర్చీ తుడుస్తూ ఉండ మీద తేట కొంచెం ఎక్కువ పోశాను. చేమ ఆకు మీద పోసినట్టు చుక్కలు చుక్కలుగా జారి నేల మీద పడ్డాయి. ఉండను రెండుగా చీల్చాను. లోపల ఎండు దూది. నా వేళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది. మందు కుర్చీకి అంటలేదు. కళ్ళ నీళ్ళు దూదిలోకి పోలేదు. దర్జీ కన్నీళ్ళు ఉండ మీద నుంచి జారి నా వేళ్ళ మీదికి, గోళ్ళ పక్కలకు, కుర్చీ చేతుల మీదికి వచ్చాయి. చేతులు కడిగాను, కానీ కడిగిన చేతులతో మందు అంటని కుర్చీనే పట్టుకున్నాను, అవే చేతులతో పోసక్క కన్ను తుడిచాను.

పోయి సారుకు చెప్పాను. దాచి పెట్టానని కూడా చెప్పాను.

ఆయన కేకలు వేయలేదు. గ్లాసులో నీళ్ళు తెచ్చి, పాత చుట్టలో మిగిలిన షాపు దూది ఒకటి, నాది ఒకటి వేశాడు. షాపుది మెల్లగా నాని అడుగుకు పోయింది. నాది పడవలా పైనే తిరుగుతూ ఉంది.

"చెట్టు మీది దూదికి జిడ్డు ఉంటది బాయి. వానకు తడువకుండ దేవుడు పెట్టిండు. దవాఖాన దూదిల గా జిడ్డు తీసేస్తరు."

"నాకు తెల్వదు సారూ."

"నాకు తెలుసు గద. దినాం నీ చేతిల చూసిన, ముట్టి చూడలే. నీది సగం, నాది సగం."

రెండు రోజులు దవాఖాన మూసి అన్నీ కడిగాం. నేను చేసిన ఉండలన్నీ పొయ్యిలో వేశాను.

మిల్లు గేటు

పోసక్క సంగతి మిగిలింది. మిల్లుకు పోయి చెప్పొస్తానని సారును అడిగాను.

"చెప్తె మన దగ్గరికి ఎవ్వరు రారు" అన్నాడు.

"చెప్పకుంటె ఆమెను ఎవ్వరు రానియ్యరు సారూ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "పో" అన్నాడు.

మధ్యాహ్నం అన్నాల వేళకు పోయాను. గంగారాం గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. ఆడవాళ్ళు గోడ నీడన రొట్టెలు విప్పుకున్నారు.

"ఏంది రాజక్కా, మల్ల జిన్నుల చేరుతవా?"

"పోసక్క మాట చెప్పనీకె వచ్చిన గంగన్నా."

"ఆమె మాట ఇడిసిపెట్టు. మిల్లుకు మిల్లు కండ్లు ఎర్రగ చేసింది."

"ఆమె చెయ్యలే. నేను చేసిన."

ఆడవాళ్ళు నవ్వారు. "మంత్రమేసినవా అక్కా?" అంది ఒకామె.

"దూదేసిన. మీరు కొంగుల కట్టిచ్చిన దూదే."

నవ్వు ఆగిపోయింది. అంతా చెప్పాను. తేలిన ఉండ సంగతి, నా వేళ్ళ సంగతి, సారు అడిగితే దాచిన సంగతి. నాకు దూది ఇచ్చినవాళ్ళు రొట్టె చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"మీరిచ్చిన దూదిల తప్పు లేదు. అడగకుండ వాడిన నాదే తప్పు" అన్నాను.

"గట్లయితె నీ దవాఖానకు ఎవడొస్తడు?" అంది ఇంకొకామె.

"రాకుండ్రి. వచ్చినోళ్ళు నా చేతులు చూసి కూసోండ్రి."

గంగారాం బీడీ నేలకేసి నలిపాడు. "సరే, రోగం ఆమె తేలే. కాని గా మసక కండ్లతోటి మిషిని ముందర ఎట్ల కూసోవెట్టాలె? వేళ్ళు పోతయ్."

"వద్దు. ఆమె కండ్లు తేటవడే దాంక ఆమె జాగల నేను కూసుంట. జాగ మాత్రం ఆమెదే."

"నువ్వా? చేతులకు యాదికున్నదా?"

"యాదికున్నది."

సారు అన్నట్టే జిన్నువాళ్ళు దవాఖానకు రావడం మానేశారు. మధ్యాహ్నాలు పని లేకుండా పోయింది. గంగారాం ఒక్క పూటకు ఒప్పుకున్నాడు కాబట్టి పొద్దున దవాఖాన, మధ్యాహ్నం నుంచి జిన్ను. సారు ఒక్కటే షరతు పెట్టాడు. పొద్దున తలస్నానం చేసి, చీర మార్చుకుని రావాలి, నుసి గుమ్మం దాటి రాకూడదు. జిన్నులో నాకు వచ్చే కూలి పోసక్కకే.

కళ్ళ నీళ్ళు ఆగి, ఇక అంటుకోదని సారు చెప్పాక పోసక్కను కూడా లోపలికి రానిచ్చారు. గింజల కుప్ప దగ్గర సంచుల మూతి పట్టుకునే పని ఇచ్చారు. నాకు ఒక్క మంచి మాట చెప్పలేదు. చెప్పాలని నేనూ అనుకోలేదు. మిషను చప్పుడు మీద నుంచి అరిచేది:

"గంత కుప్ప పెడ్తరా? పల్చగ పెట్టు. నీ పొదుపంత దవాఖాననేనా?"

పల్చగా పెట్టేదాన్ని.

హోళీ దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం నా భుజం మీది నుంచి వంగి చూసింది. దూది మీద గోరంత కూడా లేని ఒక ఆకు పీసను చూపించింది. "అగో, గది నీకు కనవడలేదా?" అంది. నాకు నిజంగా కనిపించలేదు.

"లే అక్కా. నా జాగ" అంది.

ఆఖరికి

తర్వాత మా దవాఖాన దూది నేనే తయారు చేశాను. జిన్ను దూదిని చాకలి సోడాలో పొద్దంతా మరిగించి, ఉతికి, ఎండబెడితే జిడ్డు పోతుంది. నా పొదుపు నన్ను వదలలేదు, నేనూ దాన్ని వదలలేదు. కాకపోతే ప్రతి కొత్త మోపు నుంచి ఒక ఉండ గ్లాసులో వేసేదాన్ని. పది లెక్కపెట్టేలోపు మునగకపోతే మోపు మోపంతా మళ్ళీ సోడాలోకి పోవాల్సిందే. ఏ మందైనా అంతే పిల్లలూ. డబ్బా మీద ఏం రాసి ఉందో, వాసన ఎంత ఘాటుగా ఉందో చూసి నమ్మకండి. అది చేరాల్సిన చోటుకు చేరిందా లేదా చూడండి. మీకు తెలియనిది అడగండి. తప్పు చేస్తే ఆ రోజే చెప్పండి, నాలా మర్నాటి దాకా ఆగకండి.

తర్వాతి సీజనులో ఒక పొద్దున, రావడం మానేసిన జిన్నువాళ్ళలో మళ్ళీ మొదటగా వచ్చిన మనిషి పోసక్కే. మళ్ళీ నలుసు. ఒక కన్ను మూసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"గిలాస తే" అంది.

నీళ్ళు పోసి తెచ్చాను. సీసాలో నుంచి ఒక ఉండను ఆమే ఏరింది, ఆమే వేసింది. ఇద్దరం వంగి చూశాం. ఉండ ఒక్కసారి పక్కకు తిరిగింది, నీళ్ళు తాగి బరువెక్కింది, అడుగుకు పోయి ఆగింది.

అప్పుడు వచ్చి కుర్చీలో కూర్చుని, మూసిన కన్ను తెరిచింది.